ముందు వేగం, తర్వాత ఎత్తు

మంగళవారం, మధ్యాహ్నం

చిరంజీవి పిచ్చుకకు,

నాన్న ముద్దులూ దీవెనలూ. ఇక్కడ మీ అమ్మా నేనూ కులాసా. నువ్వు కులాసాగా లేవని తెలిసే రాస్తున్నాను కనక ఆ మాట అడగను.

నిన్న నువ్వు అమ్మకి ఫోన్ చేసి ఏడ్చిందంతా, ఆవిడ స్పీకర్లో పెడితే, పక్కగదిలోంచి విన్నాను. విమానాలకి దారి చెప్పే ఉద్యోగం నీవల్ల కాదట, శిక్షణ మానేసి వచ్చేస్తావట. ఫోన్ ఇటివ్వమంటే మీ అమ్మ ఇవ్వలేదు. మీ తండ్రీకూతుళ్ళు మాట్లాడుకుంటే మాటకి మాట పెరుగుతుంది, చెప్పాలనుకున్నది బుద్ధిగా కూర్చుని రాయండి అంది. కూర్చున్నాను.

ఆదివారం ఒక విమానం నీతో "రెండూ ఒకేసారి కుదరవు" అంటే నీకు నోట మాట రాలేదన్నావు చూడు, ఆ విమానం నడిపింది నేనే. ఇంటికి రాగానే అమ్మకి చెప్పాను. నీకు నేనే చెప్పాలని నిన్న ఆవిడ నోరు నొక్కుకుంది.

రేడియోలో నీతో మాట్లాడింది మా కో-పైలట్. ఒకరు నడిపితే ఇంకొకరు మాట్లాడటం మా పద్ధతి కదా, అందుకే నా గొంతు నీకు వినబడలేదు.

నీ తెర మీద మేము ఒక చుక్క. ఆ చుక్కలో ఏం జరుగుతోందో విను. వెనకనుంచి గాలి తెగ తోస్తోంది. ఊరు దగ్గరైపోతోంది, ఎత్తు మాత్రం కరగడం లేదు. ఇంజన్ల జోరు పూర్తిగా తగ్గించేశాను. రెక్కల మీద గాలికి అడ్డుపడే పలకలు లేపాను. విమానమంతా గడగడలాడుతుంటే వెనక ఎవరి పిల్లో కేరింతలు కొట్టిందట! పదివేల అడుగుల కిందికి వెళ్ళాలంటే వేగం రెండు వందల యాభై నాట్స్ దాటకూడదు. మేం దాటే ఉన్నాం. ముక్కు దించితే వేగం పెరుగుతుంది. ఎత్తితే వేగం తగ్గుతుంది గానీ దిగడం ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే నువ్వు, ఆరువేలకి దిగండి, వేగం రెండు వందల పదికి తగ్గించండి అన్నావు. ఎందుకన్నావో మాకూ తెలుసు. ముందు ఒక చిన్న విమానం ప్రాణాపాయంలో ఉన్న రోగిని తీసుకుని దిగుతోంది. మేం దాని నెత్తి మీదికి వచ్చేస్తున్నాం.

రెండూ ఒకేసారి కుదరవు, ముందేది కావాలో చెప్పండి అన్నాడు మా కో-పైలట్. నువ్వు పలకలేదు. ఆయన ఒక నిట్టూర్పు విడిచాడు. ప్రతిదానికీ నిట్టూర్చే మనిషే, పట్టించుకోకు.

తర్వాత నువ్వన్నావు: ముందు వేగం తగ్గించండి, ఎత్తు తర్వాత. పదివేల దగ్గరే ఉండి ఎడమకి తిరగండి. దిగడానికి కావలసినంత దూరం నేనిస్తాను.

దూరం నేనిస్తాను! అలాంటి మాట ఎన్నేళ్ళకి విన్నానో తల్లీ. తిరిగాం. వేగం లొంగింది. ఆ తర్వాత ఎత్తు దానంతటదే దారికొచ్చింది. మేం నేల తాకేసరికి ఆ చిన్న విమానం పక్కన ఆగి ఉంది, అంబులెన్స్ తలుపులు తెరిచి ఉన్నాయి. దుప్పటి కిందనుంచి ఒక చెయ్యి లేచి ఎవరి చేతినో పట్టుకుంది. కిటికీల్లేని నీ గదిలోంచి అది నీకు కనబడదు. నేను చూశాను.

మీ శిక్షకురాలు "తడబడ్డావు" అన్నారన్నావు. నిజమే, తడబడ్డావు. తెలియకపోయినా టకీమని ఏదో ఒకటి అనేసేవాళ్ళ మాట విని కూడా నేను విమానాలు దింపాను. వాళ్ళకంటే నువ్వు ఆగడమే నాకు నచ్చింది. ఆవిడ చెయ్యి నీ బదులు తను మాట్లాడే బటన్ దాకా వచ్చి, నొక్కకుండా ఆగిపోయిందని నువ్వే అమ్మతో అన్నావు. ఎందుకు ఆగిందో ఆవిణ్ణి అడిగావా? ఈ ఉత్తరం అందగానే అడుగు. ఆ తర్వాత కూడా వచ్చేయాలనిపిస్తే వచ్చెయ్, నీ మంచం మీద నేను ఆరేసిన బట్టలు తీసేస్తాను.

వేళకి తిను. పొద్దున్నే లేచి ఏడుపు మొహం కడుక్కుని డ్యూటీకి వెళ్ళు.

ప్రేమతో,
నాన్న

తా.క. మీ అమ్మ ఇది చదివి, అసలు సంగతి రాసేదాకా కవరు అంటించనివ్వనంది. ఆ రోజు విమానం నడపాల్సింది కో-పైలట్, నీతో మాట్లాడాల్సింది నేను. రేడియో మీ ఫ్రీక్వెన్సీకి మార్చగానే, ఇంకెవరికో దారి చెబుతున్న నీ గొంతు వినబడింది. మా వంతు వచ్చింది. బటన్ నొక్కాను, గొంతు పూడుకుపోయింది. మళ్ళీ నొక్కాను, అంతే. ఆయన నా మొహం చూసి, ఏమీ అడక్కుండా, మాటలు తను తీసుకుని విమానం నాకిచ్చాడు. చేతులు బాగానే పనిచేశాయి. నువ్వు ఆగింది ఒక్క క్షణం, పిచ్చుకా. నేను నేల తాకేదాకా ఒక్క మాట మాట్లాడలేకపోయాను.