బొమ్మ రాని వీడియో

వట్లూరు,
శుక్రవారం

బాబాయి గారికి,

ఫోన్ చేస్తే మీరు ఎత్తడం లేదు. అందుకే చెల్లి చేత ఈ పెన్‌డ్రైవ్, ఉత్తరం పంపుతున్నాను.

మీ చెరువును ఆనుకుని ఉన్న మా చెరువుకు గండి కొట్టిందెవరో తెలుస్తుందని, నేనూ పూర్తిగా చూడకుండానే ఆ వీడియో మీ ఇంటికి తెచ్చాను. మీ టీవీలో బొమ్మ రాలేదు, మాటలే వినిపించాయి. ఫైలు పాడవలేదండీ. నేను కొత్త ఫార్మాట్‌లో ఎక్స్‌పోర్ట్ చేశాను, మీ పాత టీవీ దాన్ని తీసుకోలేదు. ఇప్పుడు పాత ఫార్మాట్‌లో చేసి, మా టీవీలో చివరిదాకా వేసి చూశాను. బొమ్మ వస్తోంది. పక్షుల కోసం గట్టున కెమెరా పెట్టి నేను టీకి వెళ్లినప్పుడు పడిందది. ముసురులో ముఖాలు తెలియడం లేదు.

మాటలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. "కొట్టండర్రా, లేకపోతే మన గట్టు నిలవదు. అన్నయ్యకు నేను చెప్పుకుంటాను."

ఆ మాట వచ్చేలోపే ఆరోజు మీరు రిమోట్ అందుకుని, "బొమ్మే లేనప్పుడు సౌండెందుకురా" అని తీసేశారు. నేను టీవీదే తప్పనుకున్నాను.

కాపలా ఉండే క్రీస్తుదాసే గండి కొట్టాడని నాన్న రేపు పొద్దున్నే పోలీస్ స్టేషన్‌కు వెళ్తున్నారు. పక్కనే కూర్చుని మీరూ సరేనన్నారట. అడిగి ఉంటే నాన్నే పార పట్టుకుని వచ్చేవారండీ.

ఆయనకు ఇంకా చూపించలేదు. చెప్పుకుంటానన్నారుగా, ఆయన బయల్దేరేలోపు వచ్చి చెప్పుకోండి. మా ఇంట్లో రిమోట్ నా చేతిలో ఉంటుంది.

మీ అన్నయ్య కొడుకు