కాగితం కమురు వాసన

మంగళవారం, బందరు

నియాన్ బోర్డు అక్షరంగా వంచిన గాజు గొట్టం కరెంటుతో సరిపడా వేడెక్కిందో లేదో తెలియడానికి ఆయన దానిమీద కాగితం ముక్క వేస్తారు. చూపు మాత్రం మీటరు మీదే. కమురు వాసన గాలివాటుకి ఆయనకన్నా ముందు వంటింట్లో నాకు తగలగానే "చాలండీ" అంటాను, కరెంటు కట్టేస్తారు. ఇన్నేళ్లూ అంతే.

ఇవాళ నాకు వాసన రాలేదు. మిఠాయి కొట్టు బోర్డులో ఒక అక్షరం మెత్తబడి కుంగిపోయింది.

"వాసన రాలేదా?" అన్నారు.

"పప్పు చూసుకుంటూ మర్చిపోయానండీ."

అబద్ధం. మొన్నటి జ్వరం నుంచి నాకు ముక్కు పనిచేయడం లేదు. చెబితే ఆయన పనిలో నా వంతు ఇంకేముంటుంది?

ఆయన భోంచేసి పడుకున్నారు. నాకు తినబుద్ధి కాలేదు. ఇందాక గిన్నె తోమబోతే పప్పు అడుగంతా బొగ్గయి ఉంది.

ఆ పప్పే మారు అడిగి వేయించుకున్నారు.