గుండె గోడ మందం

ఫిబ్రవరి 3

చెల్లిని పరిగెత్తొద్దన్నారు. మూడు నెలలు.

సీజన్ మొదలయ్యే ముందు అందరికీ చేసే మామూలు చెకప్. గుండెకి స్కాన్ తీసి, ఎడమవైపు గోడ ఉండాల్సిన దానికంటే మందంగా ఉందన్నారు. పదమూడు మిల్లీమీటర్లు. ఏళ్ళ తరబడి పరిగెత్తి పరిగెత్తి గుండె కండ పెరిగిందైనా అయ్యుండాలట, పుట్టుకతో వచ్చిన జబ్బయినా అయ్యుండాలట. మొదటిదైతే భుజం తట్టి పంపిస్తారు. రెండోదైతే ట్రాక్ మీదే కుప్పకూలిపోవచ్చు. రెండింట్లో ఏదన్నది తేలాలంటే పరుగు ఆపి చూడడమే దారి అంది డాక్టరమ్మ. ఆపాక గోడ పలచబడితే అది పరుగు వల్ల వచ్చిందే. పలచబడకపోతే జబ్బే అనుకోవాలి.

పరిగెత్తొచ్చో లేదో తెలియడానికి పరుగు మానేయాలి. ఇదెక్కడి తిరకాసో.

నాన్న గుండె సంగతి కూడా అడిగింది. మమ్మల్ని వదిలేసి పోయిన మనిషి, ఆయనకి అసలు గుండె ఉందో లేదో మాకూ తెలీదండీ అన్నాను. చెల్లి నా కాలు తొక్కింది.

దీనికి కాపలా నేనట. హోటల్ లాండ్రీలో రోజంతా బెడ్‌షీట్లతో కుస్తీ పట్టి వచ్చేదాన్ని. ఇప్పుడు ఇదొకటి.

ఫిబ్రవరి 11

చెల్లి షూస్ నా బీరువాలో పెట్టి తాళం వేశాను. కిక్కురుమనలేదు. అదే నాకు భయం.

ఫిబ్రవరి 19, లంచ్ బ్రేక్

సర్వీస్ లిఫ్ట్ మళ్ళీ పాడైంది. ఉతికిన బెడ్‌షీట్ల మూటలు మూడో అంతస్తు దాకా మెట్ల మీద మోశాం. రెండో అంతస్తు మలుపులో ఆగిపోయాను. కళ్ళముందు చుక్కలు. నాతో బెడ్‌షీట్లు మడతపెట్టే పొట్టిది (నాకంటే జానెడు పొడుగు, పేరు మాత్రం అలా పడిపోయింది) ముసలిదానివైపోయావే అని వెక్కిరించింది. నలభై రెండు. అయిపోయాను మరి.

మార్చి 2

కోచ్ ఇంటికొచ్చాడు. టీ ఇస్తే చల్లారేదాకా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. జూన్‌లో సెలక్షన్స్. చెల్లికి ఇరవై ఆరు దాటింది, ఈసారి తప్పితే కష్టం అన్నాడు. అయినా డాక్టర్ మాట దాటొద్దని దానికి గట్టిగా చెప్పి వెళ్ళాడు. మంచివాడే.

ఆయన వెళ్ళాక చెల్లి బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. నీళ్ళన్నీ పారబోయకే అని బయటి నుంచి అరిచాను. ఇంకేం అనాలో తెలియక.

మార్చి 15

ఒళ్ళు హూనం. రాయడానికేం లేదు.

మార్చి 28

చెల్లి పొద్దున్నే లైబ్రరీకి వెళ్తోంది. స్కూల్లో పుస్తకం ముట్టుకోమంటే మొహం మాడ్చుకున్న పిల్ల. పోనీలే. మొహంలో కాస్త కళ వచ్చింది, అన్నం కూడా సరిగ్గా తింటోంది.

ఏప్రిల్ 17

సెలవు పెట్టి పడుకున్నాను. జ్వరం లేదు, ఏమీ లేదు. ఊరికే లేవబుద్ధి కాలేదు. ఇంత బద్ధకం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు.

మే 4

మళ్ళీ స్కాన్. పలచబడలేదు. వెంట్రుకవాసి కూడా.

డాక్టరమ్మ గొంతు తగ్గించి మాట్లాడింది. జబ్బు అనే అనుకోవాల్సి వస్తోందట. రక్తసంబంధీకులకి కూడా చూడాలట, అంటే నాకు. అమ్మ కిడ్నీలు పాడై ఎప్పుడో పోయింది, మిగిలింది మేమిద్దరమే. వచ్చే వారం రమ్మంది.

చెల్లి నాతో బస్సెక్కలేదు. నడిచి వచ్చింది. వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. దీని ప్రాణం ఆ పరుగులోనే ఉంది. అది లాగేసుకుంటే ఇక ఏం మిగులుతుంది? నాకు నిజంగా తెలీదు.

మే 6

బట్టలు నానబెడుతుంటే దాని టీషర్ట్ చేతికొచ్చింది. నల్లది. వీపు మీద తెల్లటి ఉప్పు చార, దాని చుట్టూ ఇంకోటి, దాని చుట్టూ ఇంకోటి. హోటల్ వంటవాళ్ళ కోట్లు రోజూ ఉతికేదాన్ని, ఆ మాత్రం తెలీదా? కారి, ఆరి, మళ్ళీ కారిన చెమట అది.

లైబ్రరీలో ఇంత చెమటలు పట్టించే పుస్తకం ఏంటే అని అడిగాను.

చెప్పేసింది. రోజూ పరిగెత్తుతోందట. పాత షూస్ ఒక జత నాకు తెలియకుండా దాచుకుందట. కోచ్‌కీ తెలీదు. మానేస్తే కాళ్ళు మర్చిపోతాయేమోనని భయం వేసిందట. చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. ట్రాక్ మీద పడిపోయి ఉంటే నాకు ఎవరు ఫోన్ చేసేవారే అని మొదలుపెట్టాను. సగం తిట్టాక తట్టింది. పరిగెత్తుతూనే ఉంటే గోడ ఎలా పలచబడుతుంది? అంటే జబ్బు కాకపోవచ్చుగా! అదే దానికీ చెప్పాను. నోరు తెరుచుకుని చూసింది. తర్వాత ఇద్దరం బాత్రూమ్ గడప మీద కూలబడి పిచ్చివాళ్ళలా నవ్వాం. బకెట్లో నురగ అంతా అణిగిపోయేదాకా నవ్వాం. ఎన్నాళ్ళయిందో.

మే 11

డాక్టరమ్మ ముందు అంతా కక్కించాను. ఆవిడ చెల్లిని కడిగి పారేసింది. మళ్ళీ మొదటి నుంచి, ఈసారి నిజంగా మానేసి చూడాలట. జూన్ సెలక్షన్స్ పోయినట్టే. చెల్లి తలూపింది.

ఎలాగూ వచ్చారుగా అని నన్ను కూడా పడుకోబెట్టారు. ఎడమవైపు తిరగమని, చల్లటి జెల్ రాసి, స్కాన్ చేసే అమ్మాయి చాలాసేపు స్క్రీన్ వైపే చూసింది. మీరూ రన్నరేనా అని అడిగింది. పగలబడి నవ్వాను. బస్సు వెళ్ళిపోతున్నా పరిగెత్తనమ్మా, వెనకాల ఇంకోటి వస్తుంది కదా అన్నాను.

ఆ అమ్మాయి లేచి డాక్టరమ్మని పిలవడానికి వెళ్ళింది.

మే 12

పంతొమ్మిది మిల్లీమీటర్లు. నాది.

మే 14

జబ్బు నాకు. పుట్టుకతోనే. మెట్ల మీద ఆయాసం, కళ్ళముందు చుక్కలు, సాయంత్రానికి పీనుగులా పడిపోవడం, అంతా దీనివల్లేనట. నేను వయసు అనుకున్నాను. బెడ్‌షీట్ల బరువు అనుకున్నాను. బద్ధకం అని నన్ను నేనే తిట్టుకున్నాను కూడా.

చెల్లి బుద్ధిగా ఇంట్లో కూర్చుని ఉంటే దాని గోడ పలచబడేదేమో, నన్ను ఎవరూ చూసేవాళ్ళు కాదు. దొంగచాటుగా పరిగెత్తి నన్ను పట్టించింది. మెచ్చుకోవాలో తన్నాలో తెలియడం లేదు.

కానీ ఇప్పుడు దాని సంగతి ఇంకా అధ్వాన్నం. ఇంట్లో జబ్బు ఉందని తేలాక, ఆ మందం పరుగు వల్లేనని ఎవరు నమ్ముతారు? దానికీ ఉండడానికి సగానికి సగం అవకాశం ఉందట. ముందు నా రక్తం తీసి, జన్యువుల్లో తప్పు ఎక్కడుందో వెతుకుతారు. అది దొరికితే, సరిగ్గా అదే చోట చెల్లికీ చూస్తారు. అక్కడ తప్పు లేకపోతే చెల్లి గండం నుంచి గట్టెక్కినట్టే. కొందరిలో అసలు దొరకదట. దొరక్కపోతే దాని సంగతి ఎప్పటికీ తేలదు.

కాబట్టి నాలో తప్పు దొరకాలని కోరుకుంటున్నాను. ఇలాంటిది ఎవరైనా కోరుకుంటారా?

జూన్ 9

ఈరోజు సెలక్షన్స్. చెల్లి ఇంట్లో కిటికీలన్నీ తుడిచింది. తుడిచినవే మళ్ళీ తుడిచింది. పాత షూస్ కూడా తనే తెచ్చి నా చేతికిచ్చింది.

జులై 2

దొరికింది. పుస్తకం మొత్తంలో ఒక్క అక్షరం తప్పు పడ్డట్టు అంది డాక్టరమ్మ. చెల్లి రక్తం తీసుకున్నారు. నేను సూది వైపు చూడలేకపోయాను.

నాకు మాత్రలు మొదలయ్యాయి. మూటలు మోయకూడదు. నా వంతు కూడా పొట్టిదే మోస్తోంది, మోస్తూ తిడుతోంది.

ఇక మంచమెక్కి పడుకోవడమే అనుకున్నాను. కాదట, నడవాలట. ఒకప్పుడు ఈ జబ్బు ఉన్నవాళ్ళని కదలొద్దనేవారట. ఈమధ్య వచ్చిన స్టడీస్‌లో, తెలిసి, జాగ్రత్తగా వ్యాయామం చేసేవాళ్ళకి ప్రమాదం అనుకున్నంతగా కనిపించలేదట. అందరికీ ఒకేలా కాదు, నీకు నడక చాలు అంది డాక్టరమ్మ. కొలత కూడా చెప్పింది: నడుస్తూ నడుస్తూ ఒక మాట మొదలుపెడితే ఊపిరి తెగకుండా పూర్తి చేయగలగాలి. చెల్లిని దగ్గరుండి చూసుకోమంది. ఇప్పుడు నాకు అది కాపలా.

జులై 30

చెల్లికి లేదు!

లాండ్రీలో ఉండగా ఫోన్ వచ్చింది. దానిలో ఆ తప్పు లేదు. మొన్నటి స్కాన్‌లో గోడ కూడా పలచబడిందట. అది పరుగు పెంచిన గుండే. పరిగెత్తొచ్చు. నేను పెట్టిన కేకకి పొట్టిది బెడ్‌షీట్ అవతలి కొస వదిలేసింది. ఉతికిందంతా నేలపాలు. ఉతుకుదాంలే మళ్ళీ.

ఇంటికి పరుగున వచ్చి (పరుగున అంటే నా పద్ధతిలో) చెప్పాను. చెల్లి ఏడుపు మొదలుపెట్టింది. సంతోషం కాదు. నీకుండి నాకు లేకపోవడం ఏంటక్కా అంటుంది. ఇదేమన్నా కేక్ ముక్కా, చెరిసగం తినడానికి అన్నాను. నవ్వలేదు. షూస్ తీసి దాని ముందు పెట్టాను. కాలితో పక్కకి నెట్టేసింది.

ఆగస్టు 3

నాలుగో రోజు. ఇంకా పరిగెత్తలేదు.

ఆగస్టు 4, ఉదయం 6.40

చెరువు గట్టు మీద నడిచాం. షూస్ వేసుకుంది గానీ నా పక్కనే, నా నడకే నడిచింది. ఊపిరి చూడాలి, ఏదో ఒకటి మాట్లాడు అక్కా అంది.

నాకు చచ్చిపోవాలని లేదే, చాలా భయంగా ఉంది, నువ్వు ఇలా నా పక్కన నడుస్తుంటే ఆ భయం ఇంకా ఎక్కువవుతోంది, పరిగెత్తవే అన్నాను. ఎక్కడా ఊపిరి తెగలేదు.

పరిగెత్తింది.