మొదటి కెప్టెన్ తిరిగొచ్చిన సాయంత్రం

తమ్ముడూ,

నీ అంతరిక్ష నౌక సీరియల్‌కి ఇరవై ఏళ్ళు నిండాయని ఈ సాయంత్రం ప్రత్యేక ఎపిసోడ్ వేశారు. నువ్వు పోయాక అమ్మ టీవీ ముందు కూర్చోలేదు. అలాంటిది పొద్దున తనే అడిగింది: "ఆ ఓడ బొమ్మ ఈయాలే గదేటే? పెట్టు."

సాల్ట్ లేక్ ఆఫీసులో రోజంతా నాకు పని సాగలేదు. కథలో ఎప్పుడో చనిపోయిన మొదటి కెప్టెన్‌ని ఈ ఎపిసోడ్‌లో మళ్ళీ తెస్తున్నారని విన్నాను. అది చూసి అమ్మ ఏమైపోతుందోనని భయం. ఏక్‌బాల్‌పూర్‌లో మన ఇల్లు చేరేసరికి కరెంటు పోయి ఉంటే బాగుండుననుకున్నాను. పోలేదు.

ఆ సీరియల్‌లో ఇంగ్లీషు మాటలన్నీ అమ్మకి తెలుగులో చెప్పేవాడివి నువ్వే. నేనెప్పుడూ సరిగ్గా చూసింది లేదు. తెర మీద కెప్టెన్ నవ్వుతూ తలుపు తెరుచుకుని లోపలికి రాగానే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఈడు సచ్చిపోనాడు గదే?"

రిమోట్ అందుకున్నాను. "కథేనమ్మా... ఆపేయనా?" అన్నాను.

"ఉండు. కాలంలో ఎనక్కెల్లి తెచ్చుకున్నారు. అలగ తేవచ్చని మీ తమ్ముడు సెప్పీవోడు. తేవచ్చు గానీ, ఉంచుకోలేరట."

చివర్లో కెప్టెన్ తన కాలానికి తిరిగి వెళ్ళిపోయాడు. నేను తెర చూడలేదు, అమ్మనే చూస్తూ కూర్చున్నాను. కళ్ళజోడు తీసి, చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. మిగిలినవాళ్ళతో ఓడ కదిలేదాకా చూసింది.

"వచ్చీ వారం కూడా పెట్టు," అంది. "నువ్వూ పక్కన కూకో. నీకు తెలీకపోతే నాను సెప్తాను."

— అక్క