నీళ్ళడగని వాక్కాయ మొక్క

అక్టోబర్ 12, ఆదివారం
కొనేశాను! బిల్హా రోడ్డు నర్సరీలో వాక్కాయ మొక్క. మూరెడు ఎత్తు, ఒళ్ళంతా ముళ్ళు. ఇక్కడివాళ్ళు కరోందా అంటారు.

పోయిన వేసవిలో ఈ ఇంటి బోరు ఎండిపోయి గులాబీలు, మందారాలు అన్నీ చచ్చాయట. ఇంటావిడ కనకం పిన్నిగారు విసిగిపోయి పెరడంతా సిమెంటు చేయిస్తానన్నారు. నేను అడ్డుపడ్డాను. నీళ్ళడగని తోట వేసి చూపిస్తాను, డిసెంబరు దాకా గడువివ్వండి అన్నాను. బ్యాంకు ఉద్యోగం నన్ను కాకినాడ నుంచి తెచ్చి ఈ హిందీ రాష్ట్రంలో, తిఫ్రాలో పడేశాక నాకంటూ ఉన్నది ఒక అద్దె గది, దాని కిటికీ ముందు కాస్త మట్టి. అదీ సిమెంటు అయిపోతే ఎలా?

శపథం: పది రోజులకొకసారి ఒక్క చెంబు. అంతే! ఇది బంకమట్టి, నీళ్ళు ఎక్కువైతే వేళ్ళు కుళ్ళిపోతాయని నర్సరీలో మరీ మరీ చెప్పారు.

అక్టోబర్ 15
పోయలేదు! మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు పరిచాను. పిన్నిగారు చూసి, "ఏటమ్మా మాధవీ, మీ కాకినాడలో మొక్కలు ఉపాసాలుంటాయేటి?" అన్నారు. ఏమీ చేయకుండా ఉండటమే తోటపని! ఎంత హాయో!

అక్టోబర్ 19
సాయంత్రం పిన్నిగారి అబ్బాయి వేణుగోపాల్ గారు డ్యూటీ దిగి వచ్చారు. గూడ్సు బండ్లు నడుపుతారు. ఎప్పుడు వెళ్తారో, ఎప్పుడు వస్తారో ఇంట్లోవాళ్ళకే తెలియదు. ముప్పయ్యెనిమిది దాటినా పెళ్ళి ఊసెత్తడని పిన్నిగారి బాధ. (నాకు ముప్పయ్యైదు. ఆ బాధ మా అమ్మది.)

మొక్క దగ్గర ఆగి, "అచ్ఛా, కరోందా కదండీ? దీని పచ్చడంటే నాకు ప్రాణం" అంటూ ముట్టుకున్నారు. ముల్లు కసుక్కున దిగింది. పిన్నీసుతో నేనే తీశాను. మరి పిన్నిగారికి చత్వారం!

ఆ గాభరాలో మొక్కకి చెంబుడు నీళ్ళు పోసేశాను. ఎందుకో తెలియదు. పదో రోజు దగ్గరపడింది కనుక కాస్త ముందుగా పోసినట్టు లెక్క.

అక్టోబర్ 24
ఎండ ఎక్కువగా అనిపించింది. పోశాను. సరిగ్గా అప్పుడే గేటు చప్పుడు! వేణుగారు. చీకటి పడేదాకా మాట్లాడుకున్నాం. రాయ్‌గఢ్ దారిలో ఏనుగులు పట్టాలు దాటేదాకా బండి ఆపుకుని కూర్చున్నారట. ఏనుగులు!

నవంబర్ 3
బియ్యం కడిగిన నీళ్ళు నీళ్ళ కిందకి రావు.

నవంబర్ 8
పెరట్లో ఊరికే నిలబడాలంటే సిగ్గు. అందుకని చెంబు పట్టుకున్నాను. పట్టుకున్నాక ఒంపకపోతే బాగుండదు. ఆయన రావడం ఆలస్యమైంది. మూడు చెంబులయ్యాయి.

నవంబర్ 17
"మాధవిగారూ" కాదు, "మాధవీ" అన్నారు!! సర్కండా బ్రాంచికి వెళ్ళే దారంతా స్కూటీ మీద ఒక్కదాన్నే నవ్వుకున్నాను. సిగ్నల్ దగ్గర ఆటో అతను వింతగా చూశాడు.

ఆకులు పసుపుపచ్చగా అవుతున్నాయి. చలికాలం కదా. అంతే అయ్యుంటుంది.

నవంబర్ 29
పోయింది.

ఆకులన్నీ రాలిపోయాయి. పెకలించి చూస్తే వేళ్ళు నల్లగా, మెత్తగా, కంపు కొడుతూ. "ఇంకేటి చూస్తాం? మేస్త్రీకి కబురెట్టేస్తాను" అన్నారు పిన్నిగారు. నాకు ఏడుపు ఆగలేదు. మొక్క కోసమే అయితే అంత ఏడ్చేదాన్ని కాదేమో. ఇక సాయంత్రాలు పెరట్లో నాకేం పని?

వేణుగారు డ్యూటీ నుంచి తిన్నగా అక్కడికే వచ్చారు.

"నేనే చంపేశాను. రోజూ నీళ్ళు పోశాను" అన్నాను.

ఆయన తల దించుకున్నారు. "నేను కూడా. డ్యూటీకి ఎల్లేముందు రోజూ ఓ చెంబు పోసీవాణ్ణి."

"ఎందుకు?"

"మీ కిటికీ ఇక్కడే కదా. తెరుస్తారేమో అని."

గుమ్మంలోంచి పిన్నిగారు అందుకున్నారు. "మద్దేనం నేనూ పోసేదాన్నర్రా! మొక్క ఎండిపోతే మీ ఇద్దరి కబుర్లు ఏటైపోతాయి?"

నిజంగానే మునిగి చచ్చింది పాపం! ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకుని ఒక్కసారిగా నవ్వాం. నా కళ్ళలో ఇంకా నీళ్ళున్నాయి. పిన్నిగారు కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "ఏటి సిమెంటు, గిమెంటు! మేస్త్రీని పిలవను పోండి" అన్నారు.

నవంబర్ 30, ఆదివారం
వేణు బండి మీద నర్సరీకి వెళ్ళాం. కొత్త వాక్కాయ మొక్క తెచ్చాం. నీళ్ళు నిలవకుండా ఈసారి మట్టి ఎత్తు చేసి నాటాం.

శపథం: పది రోజులకొకసారి ఒక్క చెంబు. మిగతావాళ్ళు చెంబు ముట్టకూడదు. ఈసారి ఖాయం!

చేతులు కడుక్కుంటూ వేణు అడిగాడు. "రేపు డ్యూటీ దిగాక రావచ్చా? చేతిలో చెంబు లేకుండా."

"రండి" అనబోయి, "రా" అన్నాను.

గట్టిగానే అన్నట్టున్నాను. వంటింట్లో పిన్నిగారు దగ్గారు.