రుమైథియాలో ఇవాళ్టి ఎండ

మామా,

నేను మామా అని పిలిచే, ఈ ఇంటి యజమానురాలివైన నీకు తెలుగు రాదు. అందుకే ఇది రాస్తున్నాను. మీ దేశం మీదికి ఇరాక్ సైన్యం రాగానే నువ్వు పిల్లలతో సౌదీకి పారిపోయావు. మంచం దిగలేని మీ అమ్మను పనిమనిషినైన నాకు వదిలేశావు.

రేడియోలో ఇప్పుడు ఎండ సంగతి చెప్పరు, సైన్యం ఆజ్ఞలే చదువుతారు. ఇవాళ కరెంటు పోయి ఏసీ ఆగింది. మధ్యాహ్నం దుమ్ముగాలి లేచేసరికి కిటికీలు కూడా మూసేయాల్సి వచ్చింది. మీ అమ్మకు ఊపిరాడలేదు. తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుని నీ పేరు పెట్టి పిలిచింది. నువ్వే అన్నట్టు పలికాను. కాసేపటికే ప్రాణం పోయింది.

ఖననానికి పక్కింటి డ్రైవరు, మా రాయచోటి మనిషి, సాయం వచ్చాడు.

"మీ మామా వచ్చి అడిగితే ఏం చెప్తావక్కా?" అన్నాడు.

"ఎండకు తట్టుకోల్యాక పొయ్యిందని చెప్తా," అన్నాను.

నీ పేరు పిలిచిందని మాత్రం చెప్పను.