అరునీ గారు అనని మాట

నవంబరు 3

ప్రిన్సిపాల్ గారు పిలిచి మరీ అంటగట్టారు. థాయిలాండ్ నుంచి ఒక నవలా రచయిత్రి వస్తోందట, పేరు అరునీ. హైదరాబాదులో ఏదో సభకు వచ్చి, వాళ్ళ దేశంలోనూ రామకథ ఉంది కాబట్టి భద్రాచలం చూస్తానన్నదట. మనవాళ్ళు ఊరుకుంటారా… దర్శనం కాగానే నేరుగా మా కాలేజీకే. ఆమె ఇంగ్లీషులో మాట్లాడుతుంది, పక్కన నిలబడి నేను తెలుగులో చెప్పాలి.

"మీరు రైటర్ గద సార్, మీకు అల్కగ అయితది."

రైటర్! ఉన్నది ఒక్క కథల సంపుటి. దానికి ముందుమాట మాధవరావు గారిది. ఈ జిల్లాలో ఆయన అవునంటేనే అది సాహిత్యం.

నవంబరు 5

ఆమె పుస్తకాలు ఇంగ్లీషులో తెప్పించారు. రెండు రోజులుగా అదే పని. మొదట్లో సైన్స్ ఫిక్షన్ రాసింది — ఒక ఊళ్ళో పేదవాళ్ళు తమ నిద్రను అమ్ముకుంటారు, ఉన్నవాళ్ళు కొనుక్కుని హాయిగా పడుకుంటారు. తర్వాతది ఫాంటసీ. గుడి గుమ్మం దగ్గర కాపలా ఉండే రాతి రాక్షసుడు ఒకరోజు డ్యూటీ దిగి ఇంటికి బయలుదేరతాడు, తీరా ఇల్లెక్కడో గుర్తుండదు. ఈమధ్య రాసింది మామూలు జీవితం — లాండ్రీ నడుపుకునే ముగ్గురు అక్కచెల్లెళ్ళు.

రాక్షసుడి దగ్గర ఏడ్చాను. ఈ వయసులో. మా ఆవిడ సుజాత చూసి, నీళ్ళ గ్లాసు పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం మాధవరావు గారు వచ్చారు. లాండ్రీ పుస్తకం టేబుల్ మీదే ఉంచి రాక్షసుడిని పేపరు కింద దాచేశాను. అలాంటివాటిని ఆయన "పోరగాండ్ల టైంపాస్" అంటారు. ఒకప్పుడు నేనూ వేరే పేరుతో వీక్లీలో అంతరిక్షం సీరియళ్ళు రాశానని ఆయనకు తెలియదు. సుజాతకు తప్ప ఎవరికీ తెలియదు.

నవంబరు 7

ఎలా మొదలుపెట్టను…

హాలు నిండింది. ముందు వరుసలో మాధవరావు గారు. చేతికర్ర మీద గడ్డం ఆనించి నన్నే చూస్తున్నారు — ఆమెను కాదు, నన్ను.

అరునీ గారు చిన్న మనిషి, గొంతు మాత్రం గట్టిది. అన్నది ఇది: "సీరియస్ రచన ఎప్పుడు మొదలుపెట్టారు అని అడుగుతారు నన్ను. మొదటి పుస్తకం నుంచీ సీరియస్‌గానే రాశాను. మా అమ్మ గురించి నేను ఎక్కువ నిజం చెప్పింది రాక్షసుడి నవలలోనే. లాండ్రీ నవలలో అంత ధైర్యం చేయలేకపోయాను."

నేను చెప్పింది ఇది: "చిన్నతనంలో సరదాకి ఊహాకథలు రాసుకున్నారట. పరిణతి వచ్చాక జీవితం వైపు మళ్ళారట."

మాధవరావు గారు తల ఊపారు. ఆ తల ఊపు కోసమే చెప్పాను. ఇంకో కారణం వెతికి పెట్టుకోవద్దు.

అక్కడితో ఆగినా బాగుండేది. డిగ్రీ సెకండియర్ రూతు లేచింది, బూర్గంపాడు పిల్ల. క్లాసులో నోరు విప్పదు. ఇవాళ లేచి మైకు అడిగింది.

"మేడం, నేనొక కథ రాస్తున్న. పువ్వు రాలే దినాలకు ముందుగాల మా దిక్కు ఇప్పచెట్లన్ని లేసి గోదారి దాటి పోతయి. ఊరోళ్ళు గంపలు పట్టుకొని ఎంకులాడుకుంట పోతరు. గిట్ల రాస్తే నవ్వుతరా మేడం?"

ఇది మాత్రం ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. అరునీ గారి ముఖం వెలిగిపోయింది. "నడవనివ్వమనండి! ఎవరి అనుమతి కోసమూ ఆగొద్దనండి. ఆ ఊరివాళ్ళతో పాటు నేనూ వెతకడానికి వస్తానని చెప్పండి."

నేను తెలుగులో — "ముందు చుట్టూ ఉన్న మనుషుల గురించి రాయమంటున్నారమ్మా. చెట్లదేముంది, తీరిగ్గా నడుస్తాయి."

హాలంతా ఒకటే నవ్వు. నాకు బాగుంది. బాగుందని కూడా రాయకపోతే ఈ పేజీ దేనికి.

అందరూ నవ్వుతుంటే, తన మాటకే సంతోషపడుతున్నారనుకుని అరునీ గారూ నవ్వింది. రూతు వైపు చెయ్యి ఊపుతూ మరీ. ఆ పిల్ల చూసింది అదే — అంత పెద్ద రచయిత్రి తనను చూసి నవ్వడం.

నవంబరు 8

అన్నం సయించలేదు. ఛీ.

నవంబరు 10

మాధవరావు గారి ఫోన్. "మంచిగ చెప్పినవయ్యా. గా పిల్లకు గూడ మంచి బుద్ధి చెప్పింది గామె." ఔనండీ అన్నాను. రెండుసార్లు అన్నాను.

అరునీ గారి యాస మా వాళ్ళెవరికీ అంతుపట్టలేదు. దొరికిపోయే భయం లేదు. అందుకే ఇంకా సిగ్గుగా ఉంది.

నవంబరు 12

వరండాలో రూతు. నేనే ఆపాను. కథ ఎంతవరకు వచ్చిందమ్మా అని, ఏమీ ఎరగనట్టు.

"పక్కకు పెట్టిన సార్."

"ఎందుకు?"

"మేడమే నవ్విన్రు గద సార్. గామె గూడ రాసి రాసి ఇడిసిపెట్టిందాయె. నేనెంత."

చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది. అంతలో బెల్లు మోగింది, నేనేమో — "పరీక్షలు దగ్గరపడుతున్నాయి, చదువు చూసుకో" — అని పెద్దమనిషిలా వచ్చేశాను. పెద్దమనిషి!

నవంబరు 13

క్లాసు తీసుకున్నాను. ఏం చెప్పానో గుర్తులేదు. రూతు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

నవంబరు 14

సుజాతకు చెప్పాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింది. అంతా అయ్యాక —

"గా పిల్లకు చెప్పాలె గాని, నాకు చెప్తే ఏమొస్తది?"

"ఎలా చెప్పను?"

"గప్పుడు మైకులో మంచిగనే మాటలొచ్చినయి గద."

కోపం వచ్చింది. నా సీరియళ్ళు ఈవిడే ఫెయిర్ చేసి పెట్టేది, పెళ్ళయిన కొత్తలో. రోదసి నౌకలో వంటగది పెట్టమని పోరి పెట్టించింది. నా సంపుటి అచ్చయ్యాక ఆ సీరియళ్ళ ఊసు ఎత్తొద్దన్నాను. ఎత్తలేదు. తనకు ఎలా ఉండిందో నేను అడగనే లేదు.

నవంబరు 16

అరునీ గారి మెయిల్. మర్యాదలకు థ్యాంక్స్, గుడికి థ్యాంక్స్, ఇంత చక్కగా అనువదించినందుకు నాకు థ్యాంక్స్. అది చదివి కుర్చీలోంచి లేచిపోయాను.

కింద ఇంకా ఉంది. చెట్ల అమ్మాయి ఎలా ఉంది? దారంతా ఆ కథే ఆలోచించానంటుంది. చెట్లు గోదావరిలో ఈదుతాయా, అడుగున నడుస్తాయా అడిగి చెప్పమంటుంది. పూర్తయ్యాక నేనే దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పంపాలంటుంది. "మీ చేతిలో అయితే ఆ కథ భద్రంగా ఉంటుంది."

జవాబు రాయలేదు. ఏమని రాయను…

నవంబరు 18, ఆదివారం

బ్రిడ్జి దాటి బూర్గంపాడు వెళ్ళాను. బస్సులో అంతా రిహార్సలే.

అప్పుడే చర్చి నుంచి వచ్చారు తల్లీకూతుళ్ళు. తల్లి దవాఖానాలో నర్సు. సార్ ఇంటికి వచ్చిండని కంగారు. "మా పిల్ల ఏమన్న తప్పు చేసిందా సార్?" కుర్చీ తుడిచి మరీ వేసింది. ఆ కుర్చీలో కూర్చోవడం ఎంత కష్టమో.

తప్పు నాది అన్నాను. చెప్పాను, మొత్తం. మాధవరావు గారి తల ఊపు సంగతి కూడా. తల్లికి సగమే అర్థమైంది. రూతుకు అంతా అర్థమైంది. ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు.

"మల్లొకసారి చెప్పున్రి సార్. మేడం అన్నది అన్నట్టు."

చెప్పాను. ఒక్కో వాక్యం. వెతకడానికి తనూ వస్తానన్న మాట దగ్గర ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. మెయిల్ చూపించాను. ఈదుతాయా నడుస్తాయా అన్నది వేలుతో వెంబడిస్తూ చదువుకుంది. నన్ను క్షమిస్తుందనుకున్నాను. అందుకే వచ్చానేమో కూడా.

"మంచిగైంది సార్, నాకు చెప్పిన్రు," అన్నది. ఫోన్ నా చేతికి తిరిగిచ్చి — "మరి గప్పుడు హాలంత నవ్విన్రు గద. ఇప్పటికి గూడ నన్ను ఇప్పచెట్టు అనే పిలుస్తున్నరు హాస్టల్ల. వాళ్ళకెవలు చెప్తరు?"

తల్లి "ఏందే గట్ల మాట్లాడుతవ్ సార్‌తోని" అని గదిమింది. సరిగ్గానే అడిగిందమ్మా అన్నాను. టీ తాగకుండా వచ్చేశాను. తాగమని అడిగారు.

నవంబరు 19

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాను. అందరినీ ఒకసారి హాల్లో కూర్చోబెట్టండి, నాకు మైకు కావాలి అన్నాను.

"ప్రోగ్రాం అయిపాయె గద సార్, ఇప్పుడెందుకు?" అని, ఏదో సన్మానమనుకున్నట్టున్నారు, నవ్వి ఒప్పుకున్నారు. రేపు ప్రార్థన తర్వాత. వరండాలో కనబడితే రూతుకూ చెప్పాను. మాధవరావు గారికి కూడా ఆయనే ఫోన్ చేసి పిలిచారట. తప్పకుండా వస్తానన్నారట.

ఏమనాలో రాసుకుందామని కూర్చున్నాను. "ఆ రోజు అనువాదంలో చిన్న పొరపాటు దొర్లింది" — కొట్టేశాను. "సమయాభావం వల్ల" — కొట్టేశాను, సిగ్గులేకపోతే సరి. "నేను కావాలనే మార్చి చెప్పాను" — దీన్నీ కొట్టేశాను. తర్వాత ఎందుకు అని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే మాధవరావు గారి ముఖం చూస్తూ చెప్పాలి. సీరియళ్ళ సంగతీ చెప్పాలి.

సుజాత తొంగి చూసి, కొత్త కాగితం పెట్టి వెళ్ళింది.

ఇప్పుడే రూతు ఫోన్. "రేపు మమ్మీని గూడ తీస్కరావాల్నా సార్?"

తీసుకురా అన్నాను. వెంటనే అన్నాను, ఆలోచించకుండా. ఫోన్ పెట్టేశాను.

కాగితం మీద ఇంకా ఏమీ లేదు.